కంచం మీది, అన్నం మీది, పులుసు మాది

చెరువు తెల్లబడిపోయిన ఉదయం నుంచి చెబుతాను సహోదరులారా, మా కష్టం అక్కడే మొదలైంది. మా అబ్బాయి దానియేలు కొల్లేటి అంచున చేపల చెరువు లీజుకు తీసుకున్నాడని మీకందరికీ తెలుసు, తీసుకున్న రోజున మీరంతా వచ్చి గట్టు మీద ప్రార్థన చేసి మిఠాయిలు తిని వెళ్ళారు. ఆ తర్వాతి వానల్లో ముసురు పట్టింది, ఎండ మొహం చూపించలేదు, నీళ్ళలో గాలి తగ్గిపోయి తెల్లారేసరికి చేపలన్నీ పొట్టలు పైకి పెట్టి తేలిపోయాయి. గట్టు మీద నిలబడి చూస్తే చెరువు మీద దుప్పటి పరిచినట్టుంది! కాకులకు పండుగ, మాకు చావు. మేత అరువుకి తెచ్చాం, చేపపిల్ల అరువుకి తెచ్చాం, లీజు సొమ్ము వడ్డీకి తెచ్చాం, అవన్నీ ఆ ఒక్క ఉదయమే మా గుమ్మంలోకి వచ్చి కూర్చున్నాయి.

అప్పు సంగతి అలా ఉంచండి. అసలు దెబ్బ మా అబ్బాయికి తగిలింది. మనిషి మంచమెక్కి గోడవైపు తిరిగి పడుకున్నాడు. పిలిస్తే పలకడు, పెట్టిన అన్నం పెట్టినట్టే చల్లారిపోతుంది, ఆదివారం మందిరానికి రమ్మంటే "జనానికి మొహం ఎలా చూపించనమ్మా" అంటాడు. ఒక రోజు గోడతో చెప్పినట్టు "నేను లేకపోతే మీకే సుఖం" అన్నాడు. ఆ మాట విన్నాక నేనూ మా కోడలు సునీతా వాణ్ణి ఒంటరిగా వదల్లేదు, ఒకరు బయటికి వెళ్తే ఒకరం మంచం పక్కనే ఉండేవాళ్ళం.

నా నోరు మంచిది కాదని ఈ సంఘంలో తెలియనివాళ్ళు లేరు, దేవుడికీ తెలుసు. అందుకే ఆయనతోనూ అలాగే మాట్లాడాను. వంటింట్లో నేల మీద చతికిలబడి, "ప్రభువా, చేపలు పోయాయి, సరే! అప్పు మాది, మేమే తీర్చుకుంటాం, సరే! ఈ పిల్లాడు మాత్రం నావాడు. వీణ్ణి ఎవరికీ ఇవ్వను. నువ్వు లేపుతావా, లేదా?" అని అరిచాను. మెల్లగా అడగడం నాకు రాదు. ఆయన కూడా ఏమీ అనుకోలేదు.

ఆకాశంలోంచి డబ్బు సంచి పడలేదు సహోదరులారా, పడిందని చెప్పేవాళ్ళుంటే వాళ్ళ సాక్ష్యం వాళ్ళది. మాకు దేవుడు పంపించింది మా తమ్ముడు అబ్రహాంని. తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్లో బస్తాలు మోస్తాడు వాడు. కబురు తెలిసి బస్సు దిగి, నెత్తిన మూటతో వచ్చి నా ముందు దించి, "ఊరికే ఏడిస్తే ఏం లాభం అక్కా, ఇయ్యి కోసుకుంటా ఏడువు, కూరన్నా అవుద్ది" అన్నాడు. ఏడుస్తున్నదాన్ని నవ్వేశాను, సునీత కూడా నవ్వింది, గోడవైపు తిరిగి ఉన్నవాడి భుజం కూడా కదిలింది, నా కళ్ళతో చూశాను! దేవునికే మహిమ!

వాడు అక్కడితో ఊరుకోలేదు. మంచం దగ్గరికెళ్ళి, "ఒరే అల్లుడూ, గోడ ఎక్కడికీ పారిపోదులే, దాన్ని మీ అమ్మ కాపలా కాస్తది. ఉండి ఊరి పక్కన చెరువులో చేపల పట్టుబడికి మనుషులు కావాలంట, లెగు" అని చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళాడు. నిన్నటిదాకా తన చెరువులో వల లాగించినవాడు, ఇప్పుడు పరాయివాళ్ళ చెరువుల్లో కూలికి వల లాగాడు. మొదటి రోజు తలకి తువ్వాలు కప్పుకుని వెళ్ళాడు, ఎవరైనా గుర్తుపడతారని. సాయంత్రం ఆ తువ్వాల్లోనే గుప్పెడు పిత్తపరిగెలు, వేలెడంత చేపలు, మూటగట్టుకుని వచ్చాడు. సిగ్గుతో కప్పుకున్న గుడ్డ కూర మోసుకొచ్చింది!

మోటారుసైకిలు అమ్మేశాం, గ్యాసు మానేసి కొబ్బరికమ్మలు ఏరుకొచ్చి మట్టిపొయ్యి రాజేశాం. సునీత జాకెట్లు కుట్టింది, చిరుగులు కూడా కుట్టింది, చీర అంచు ఊడితే దుప్పటికి వేసింది. టీవీ కనెక్షన్ తీయించేశాం, ఆ ఖాళీ అయిన సాయంత్రాల్లోనే కోడలు నాకు అక్షరాలు నేర్పింది, జుట్టు నెరిశాక దిద్దిన అక్షరాలివి, ఈ సాక్ష్యం వాటితోనే రాశాను. ఇక మా పులుసు సంగతి చెప్పాలి. గుప్పెడు పరిగెలకి ఇంటిల్లిపాదికీ సరిపడా చింతపండు నీళ్ళు, తమ్ముడి ఉల్లిపాయలు. సునీత గరిటెతో వెతికి వెతికి, "అత్తయ్యా, ఇవ్వాళ చేప మన పులుసులో స్నానం చేసి ఎల్లిపోయిందండీ!" అనేది. ఆ మాట మా ఇంట్లో భోజనానికి ముందు ప్రార్థన లాగా అయిపోయింది.

మాకు అరువిచ్చిన మేత కొట్టు బాబుగారు రోజూ పొద్దున్నే వచ్చి అరుగు మీద కూర్చునేవారు. గట్టిగా ఒక్క మాట అనరు, అదే ఇబ్బంది. "సువార్తమ్మగారూ, అబ్బాయిగారు లేచారాండీ?" అంటారు. ఒక రోజు నేను, "లేచి పనికి కూడా వెళ్ళిపోయాడండీ. మీరు రోజూ వస్తున్నారు, నేను రోజూ టీ ఇస్తున్నాను. ఆ టీ డబ్బులు బాకీలో తగ్గించుకోండి బాబుగారూ" అన్నాను. మర్నాటి నుంచి ఆయన టీ తాగలేదు, తర్వాత నెలకొకసారి రావడం మొదలుపెట్టారు. అడగాల్సినవాళ్ళు అడుగుతారు, కట్టాల్సినవాళ్ళు కడతారు, మధ్యలో తల దించుకోమని ఏ కాగితంలోనూ రాయలేదు!

కూలి డబ్బులూ, కుట్టుపని డబ్బులూ కలిపి కొంచెం కొంచెంగా కడుతూ వచ్చి, ఈ దాళ్వా వరి కోతలయ్యాక చివరి బాకీ తీర్చేశాం. ఆ రోజు ముగ్గురం మోకాళ్ళ మీద ఉండి ఏడ్చాం, ఈసారి ఉల్లిపాయలు లేకుండానే.

ఇక్కడితో సాక్ష్యం అయిపోవాలి. అవ్వలేదు, వినండి. వారం తిరక్కుండానే దానియేలు నా దగ్గరికి వచ్చి, "అమ్మా, కృతజ్ఞత కూడిక పెట్టాలి" అన్నాడు. సంతోషించాను. "షామియానా, మైకుసెట్టు, ఏలూరు నుంచి ప్రసంగీకుడు, ఊరందరికీ కోడి బిర్యానీ" అన్నాడు. డబ్బేదిరా అంటే నేలచూపులు చూసి, "మేత కొట్టు బాబుగారు ఇస్తానన్నారు. మనకని వడ్డీ తక్కువ వేస్తారంట" అన్నాడు.

అప్పులోంచి విడిపించిన దేవుణ్ణి స్తుతించడానికి అప్పు! ఐగుప్తులోంచి బయటపడ్డ జనం, స్తుతి కూడిక పెట్టుకోవడానికి మళ్ళీ ఫరో దగ్గరికే వెళ్ళి గుడారాలు అద్దెకు అడిగితే ఎలా ఉంటుంది సహోదరులారా? వాడొక్కణ్ణీ అనను. మీలో కొందరు మా గుమ్మంలోకి వచ్చి, "దేవుడు ఇంత మేలు చేస్తే ముక్క పెట్టరా మామ్మగారూ?" అన్నారు. పేర్లు చదవను. చదవక్కర్లేదు, ఇప్పుడు ఎవరి తలలు వంగాయో పక్కవాళ్ళు చూసుకుంటున్నారు.

ససేమిరా వద్దన్నాను. వాడు వెళ్ళి మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. అమ్మో, మళ్ళీ ఆ గోడే! తీరిన అప్పు మళ్ళీ చేస్తే మళ్ళీ తీర్చొచ్చు, ఆ గోడకి నా కొడుకుని రెండోసారి ఇస్తే తిరిగి తెచ్చుకోగలనా? బైబిలు తీసుకుని మంచం పక్కన కూర్చున్నాను. ప్రభువు సరస్సు ఒడ్డున జనానికి అన్నం పెట్టిన చోటు తీసి, వేలు పెట్టి, ఒక్కొక్క మాటా కూడబలుక్కుని పైకి చదివాను. చదివి అడిగాను.

"నాకు కళ్ళు సరిగ్గా ఆనవు, నువ్వు చెప్పరా. షామియానా వేయించాడా ప్రభువు?"

నేనే మళ్ళీ కింది వరుస మీద వేలు పెట్టాను.

"గడ్డి మీద కూర్చోబెట్టాడు. ఎవరి దగ్గర అరువు తెచ్చాడు? ఉన్న రొట్టెలు, ఉన్న చేపలు. ఆ చేపలైనా నువ్వు తెచ్చే పరిగెల్లాంటివే. ఆయనకి లేని నామోషీ నీకెందుకురా?"

తర్వాత గోడ దగ్గర నుంచి మాట వచ్చింది, "ఊరందరికీ మన పులుసు సరిపోద్దంటావా అమ్మా?" నేను జవాబు చెప్పేలోపు వాడే ఇటు తిరిగి, "సరిపోద్దిలే, చేప స్నానం చేసి ఎల్లిపోద్దిగా" అన్నాడు! తలుపు దగ్గర నిలబడి వింటున్న సునీత నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ తిరగడమే నా అద్భుతం సహోదరులారా. అప్పు మేం తీర్చాం, వాణ్ణి ఇటు తిప్పింది మాత్రం దేవుడే. ఆయనకే మహిమ!

కాబట్టి శుక్రవారం సాయంత్రం మా వాకిట్లో కూడిక. షామియానా లేదు, ఆకాశం ఉంది. మైకు లేదు, నా గొంతు ఉంది. చాపలు పరుస్తాం, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు మీ కుర్చీ మీరే తెచ్చుకోండి. ప్రసంగం మన మందిరం అయ్యగారే చెబుతారు, ఆయనకి చెప్పేశాను. కంచం మీది, అన్నం మీది, పులుసు మాది. ఉల్లిపాయలు మా తమ్ముడివి. మేత కొట్టు బాబుగారిని కూడా పిలిచాను, "టీ ఇస్తారాండీ?" అని అడిగారు. "ఇప్పుడు బాకీ లేదు కదండీ, ఊరికే ఇస్తాను" అన్నాను.

బిర్యానీ లేదని రానివాళ్ళు రాకండి, నాకు బాధ లేదు. మా అబ్బాయి అదిగో వెనక వరుసలో కూర్చున్నాడు, నేను ఇదంతా చదువుతుంటే తల దించుకోలేదు, కావాలంటే వెనక్కి తిరిగి చూడండి.

కానీ మీ ఇళ్ళల్లో గోడవైపు తిరిగి పడుకున్నవాళ్ళు ఎవరైనా ఉంటే, మీరు ఎవరికీ చెప్పకుండా దాచుకుంటుంటే, ఇక దాచకండి. మా ఇంటికి వచ్చిన దేవుడికి మీ ఇంటి దారి కూడా తెలుసు, ఆయన్ని నమ్మండి, గట్టిగా అరిచి అడగండి. శుక్రవారం అందరికంటే ముందు వాళ్ళని తీసుకురండి. వాళ్ళకి కంచం తేవక్కర్లేదు. నా కంచంలో తింటారు.