నాలుక లేని రోజులు

మా పెద్దమ్మ ఉద్యోగం టీ నోట్లో పోసుకుని ఉమ్మెయ్యడం. ఎవరికి చెప్పినా నవ్వుతారు. టీ పొడి గోడౌను వెనక గదిలో పొడుగాటి బల్ల మీద తెల్ల కప్పులు వరుసగా ఉండేవి. ఆమె చెంచాతో తీసి జుర్రుమని పీల్చి, నోరంతా తిప్పి, కాళ్ల దగ్గరున్న డబ్బాలో ఉమ్మేసి, తేమ తగిలిందనో, పాత సరుకు కలిపారనో ఒక్క ముక్క అనేది. ఆ ఒక్క ముక్కతో బస్తాలకు బస్తాలు వెనక్కి వెళ్లిపోయేవి. గోడౌనులో ఆమెను నాలుకమ్మ అనేవాళ్లు. ఎదురుగా కాదు లెండి.

ఇంట్లోనూ అంతే. ఆమె చెల్లెలు, అంటే మా అమ్మ, ఆమెకు కంచం పెట్టి, మొదటి ముద్ద లోపలికి పోయేదాకా గుమ్మం దగ్గర నిలబడి ముఖం కేసి చూసేది. పెద్దమ్మ పెళ్లి చేసుకోలేదు. తల్లి పోయాక చెల్లెల్ని తనే పెంచి పెద్దచేసింది. చెల్లెలి పెళ్లయ్యాక మాతోనే ఉండిపోయింది. మా అమ్మకి అక్కంటే ప్రాణం. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. తర్వాత చెప్పాలంటే నాకు నోరు రాదు.

పెద్దమ్మకి రొమ్ములో గడ్డ వచ్చింది. క్యాన్సర్ అన్నారు. ముందు కీమో ఎక్కించి, ఆ తర్వాత ఆపరేషన్ చేస్తామన్నారు. ఆ ఆసుపత్రిలో ఒక మంచి పద్ధతి ఉంది. కీమో గది పక్కనే ఇంకో గదిలో, వాంతులు తగ్గడానికి మణికట్టు దగ్గర సన్న సూదులు గుచ్చేవాళ్లు, పాదాలు మెల్లగా మర్దనా చేసేవాళ్లు, భయం వేసినప్పుడు ఊపిరి ఎలా తీసుకోవాలో నేర్పేవాళ్లు. ఇవి జబ్బును నయం చెయ్యవు, మందును తట్టుకునే ఓపికనిస్తాయి, అంతే అని డాక్టరమ్మ మొదట్లోనే విడమరిచి చెప్పింది. ఒక్క షరతు కూడా పెట్టింది. నోట్లోకి వెళ్లేది ఆకైనా వేరైనా సరే, తనకు చెప్పకుండా మింగకూడదు. కీమోతో కలిసి లివర్ని దెబ్బతీసేవి వాటిలో చాలా ఉంటాయట.

పెద్దమ్మకి ఆ షరతు నచ్చింది. దేంట్లో ఏం కలిసిందో కనిపెట్టడమే బతుకైన మనిషి కదా. మర్దనా గది అంటే మరీ ముచ్చట. "ఇన్నేళ్లూ నా కాళ్లు పట్టేవాళ్లు ఒక్కరూ దొరకలేదు. చివరికి ఈ క్యాన్సరే పట్టించింది" అని నవ్వేది.

మా అమ్మ కంటికి ఆ గది ఆనలేదు. పాదాలు పిసికితే గడ్డ కరుగుతుందా అని ఆమె గోల. ఎవరో చెబితే మార్కెట్ వెనక సందులో ఉండే ఒకాయన దగ్గరికి వెళ్లొచ్చింది. ఏదో వేళ్ల పొడి ఇస్తాడట, దాంతో గడ్డలు మాయమైనవాళ్లు బోలెడుమంది ఉన్నారట. పెద్దమ్మ అంతా విని, రెండు పడవల మీద కాళ్లు పెట్టడం తన వల్ల కాదని, డాక్టరమ్మకి మాటిచ్చానని, ఈ ఊసు మళ్లీ ఎత్తొద్దని తేల్చి చెప్పేసింది. అమ్మ సరేనంది. ఆ సంగతి అక్కడితో అయిపోయిందనే మేమంతా అనుకున్నాం.

రెండో కీమోతో పెద్దమ్మ నాలుక చచ్చిపోయింది. ఏది నోట్లో పెట్టుకున్నా తుప్పు పట్టిన మేకు చప్పరిస్తున్నట్టుందనేది. ఉండబట్టలేక ఒకరోజు గోడౌనుకి వెళ్లి వరసగా అన్ని కప్పులూ పీల్చి చూసిందట, అన్నీ ఒకటేలా ఉన్నాయట. జుట్టంతా ఊడినప్పుడు కూడా ఏడవని మనిషి ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకుని ఏడ్చింది. అప్పట్నుంచి అమ్మ పొద్దున్నే దానిమ్మ గింజలు వలిచి రసం తీసి ఇచ్చేది. పెద్దమ్మ గటగటా తాగేసి, "ఏమీ తెలియట్లేదే. నీ చేతిది కాబట్టి తాగుతున్నా" అనేది.

మూడో కీమోకి వెళ్తే, రక్తపరీక్ష చూసి డాక్టరమ్మ ముఖం మారిపోయింది. లివర్ బాగా దెబ్బతింది, ఈ స్థితిలో మందు ఎక్కించలేనంది. కీమో వల్ల కూడా కావచ్చు కానీ మరీ ఇంతగానా అని అనుమానపడి, బయటి మందులేమైనా వాడుతున్నారా అని అడిగింది. పెద్దమ్మకి చుర్రుమంది. "రుచి చూసి బతికినదాన్ని డాక్టరుగారూ. నా నోట్లోకి ఏం పోతోందో నాకు తెలియదా? మీ మందు వికటిస్తే నా మీద పెడతారా?" అని పక్క గదులకు కూడా వినపడేలా అరిచింది. డాక్టరమ్మ కోప్పడలేదు. అమ్మ వైపు తిరిగి అదే ప్రశ్న అడిగింది.

"ఏమీ లేదండీ" అంది అమ్మ. తడబడలేదు, కళ్లు దించలేదు. ఇంటికొస్తూ దారి పొడుగునా పెద్దమ్మ డాక్టరమ్మని ఆడిపోసుకుంటుంటే, అవునక్కా అవునక్కా అంటూ వంత పాడింది కూడా.

కీమో ఆగిపోయింది. వారాలు గడుస్తున్నా లివర్ దారికి రాలేదు కానీ, నాలుక మాత్రం మెల్లగా ప్రాణం పోసుకుంది. ముందు ఉప్పు తెలిసింది, తర్వాత తీపి. ఒకరోజు టీ తాగి, పొడి పాతదని విసుక్కుంది. ఆ విసుగు వినడానికి మాకెంత హాయిగా ఉందో చెప్పలేను.

ఆ మర్నాడు పొద్దున దానిమ్మ రసం ఒక గుటక వేసి ఆగిపోయింది. నన్ను చెంచా తెమ్మంది. జుర్రుమని పీల్చి, నోరంతా తిప్పి, సింకులో ఉమ్మేసింది. మళ్లీ పీల్చి మళ్లీ ఉమ్మేసింది.

"ఇందులో ఏం కలిపావే?"

"గింజల చేదేమో అక్కా."

"ఇది వేరు చేదు. ఎప్పట్నుంచి కలుపుతున్నావు?"

అమ్మ భోరుమంది. అంతా అక్క బతకాలనేనంది. అక్క నాలుక చచ్చిపోయిన ఆ వారంలోనే మొదలుపెట్టిందట. కీమో ఆగిపోయాక, ఇక ఈ పొడే దిక్కనుకుని ఇంకో చెంచా ఎక్కువ వేసిందట. పెద్దమ్మ ఆ ఏడుపు అయ్యేదాకా ఆగింది.

"భయపడి వేశావు, అది నాకు తెలుసు. నా నాలుక చచ్చింది కదా, దొరకనులే అనుకుని వేశావు చూడు. ఆ డాక్టరమ్మ మీద నేను నోరు పారేసుకుంటుంటే పక్కనే నిలబడి చూశావు చూడు."

నాకైతే అమ్మ ముఖం చూడబుద్ధి కాలేదు. ఒంట్లో ఓపిక లేని మనిషిని మోసం చేసి దానికి ప్రేమని పేరు పెడితే నా ఒళ్లు మండిపోయింది, ఇప్పటికీ మండుతూనే ఉంది.

ఆ రోజే పెద్దమ్మ ఆ పొడి పొట్లం తీసుకుని ఆసుపత్రికి వెళ్లి, డాక్టరమ్మని క్షమించమని అడిగింది. పొడి ఆగాక లివర్ కుదుటపడింది. కీమో మళ్లీ మొదలుపెట్టారు. ఈలోగా గడ్డ కాస్త పెరిగింది. ఆ పెరిగినదాని వల్ల ముందుముందు ఏమవుతుందో ఇప్పుడే చెప్పలేనంది డాక్టరమ్మ. కీమోతో పాటే నాలుకా మళ్లీ పోయింది.

అమ్మ ఇప్పటికీ పొద్దున్నే రసం తీస్తుంది. ఎవరూ అడక్కుండానే అక్క ఎదురుగా తను సగం తాగి, మిగతా సగం బల్ల మీద పెడుతుంది. పెద్దమ్మ లేచి వెళ్లి, కుళాయి తిప్పుకుని నీళ్లు తాగుతుంది. మొన్న అమ్మ ఉండబట్టలేక, ఇంకా కోపం పోలేదా అక్కా అని అడిగింది.

"కోపం ఎప్పుడో పోయిందే. నాలుక లేనప్పుడు నీ చెయ్యి చాలనుకుని తాగేదాన్ని. ఇప్పుడు అదీ లేదు."

అని, తన గ్లాసు తనే కడిగి బోర్లించుకుంది.