ఎక్స్ దిగివచ్చిన డిసెంబరు

పనసాకు బుట్టల్లో పోసిన ఇడ్లీపిండి పొట్టిక్కలై ఉడుకుతున్నప్పుడు ఆవిరితో పాటు లేచే ఆ పచ్చివాసన, ఇప్పటికీ నన్ను డెబ్బైల చివర్లోని ఒక డిసెంబరుకి, ముమ్మిడివరంలో మా దొడ్డమ్మ ఇంటి అరుగు మీదికి లాక్కుపోతుంది.

అమ్మకి అక్కగారైన దొడ్డమ్మ హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయింది. కొబ్బరాకుల మీంచి మంచు బొట్లు బొట్లుగా రాలుతుంటే, చర్చిలోంచి క్రిస్మస్ పాటల సాధన వినిపిస్తుంటే, నా ఈడు పిల్లలంతా వెదురుబద్దలకి రంగు కాగితాలంటించి నక్షత్రాలు కడుతుంటే, నేను మాత్రం లాగరిథమ్ పట్టికలు ఒళ్ళో పెట్టుకుని బిక్కమొహంతో కూర్చునేదాన్ని. పదో తరగతి క్వార్టర్లీలో లెక్కలు తప్పాను. "హాఫియర్లీ కూడా తప్పితే బడి మానేసి మిషను కుట్టు నేర్చుకో" అనేశారు నాన్నగారు. ఆయన మాటంటే మాటే.

మూడు ఘాతం ఎక్స్ ఇరవై అయితే, ఎక్స్ ఎంత? లాగ్ తీస్తే పైనున్న ఎక్స్ కిందికి దిగుతుందని తెలుసు. ఆ తర్వాత ఇరవై లాగ్‌ని మూడు లాగ్‌తో భాగించాల్సింది పోయి, ప్రతిసారీ తీసివేసేదాన్ని.

దొడ్డమ్మ కసరలేదు. వేడి పొట్టిక్క ఆకు విప్పి నా చేతిలో పెట్టి, "ఎంతొచ్చిందమ్మా?" అంది.

"సున్నా పాయింట్ ఎనిమిదండీ."

"మూడుకి ఘాతం రెండైతే?"

"తొమ్మిదండీ."

"మూడైతే?"

"ఇరవయ్యేడండీ."

"మరి ఇరవై ఎక్కడుంటదే?"

"రెండుకీ మూడుకీ మధ్యలో..." నాలిక కరుచుకున్నాను.

"ఆయ్. జవాబొచ్చేక ఇలా ఓసారి చూసుకో. భయమెందుకూ?"

పరీక్షలో ఐదు ఘాతం ఎక్స్ నలభై ఇచ్చారు. కంగారులో చెయ్యి మళ్ళీ తీసివేతకే పోయింది. జవాబు ఒకటి కూడా నిండలేదు. ఘాతం రెండైతేనే ఇరవై ఐదు కదా అని గుర్తొచ్చింది. మొత్తం కొట్టేసి, భాగించాను. రెండు దాటి కొంచెం వచ్చింది. పెన్ను కింద పెట్టి ఊపిరి పీల్చుకున్నాను.

సెలవులిచ్చే రోజున పేపర్లు ఇచ్చారు. నాన్నగారు నా మార్కులు చూసి, మళ్ళీ చూసి, సైకిలు తీశారు.

"ఎక్కడికండీ ఈ వేళప్పుడు?" అంది అమ్మ.

"కుట్టు టీచరుగారితో మాట్లాడేసేను కదా. మా అమ్మాయి రాదని చెప్పొస్తాను."

ఆయన తిరిగొచ్చేసరికే నేను నిద్రపోయానట. అన్నానికి లేపినా లేవలేదట.

దొడ్డమ్మ లేదిప్పుడు. ఆ అరుగు రోడ్డులో కలిసిపోయింది. అంకెల వరసల మీద వేలు జరుపుకుంటూ వెతికే ఆ పట్టికల్ని మా మనవరాలు చూసి కూడా ఎరగదు. ఫోన్లో నొక్కుతుంది, జవాబొస్తే "ఓహో" అని తలెత్తకుండా తర్వాతి లెక్కకి పోతుంది. ఒక్క లెక్క తప్పితే తన చదువు ఆగిపోతుందన్న బెదురు ఆ మొహంలో ఎక్కడా కనబడదు. పోయినవాటిలో అదొక్కటి పోయినందుకు మాత్రం నాకు హాయిగా ఉంటుంది.