ఊపిరికి మిరపకాయల పరీక్ష

తొంభైల చివర్లో తమిళనాడులోని కోవిల్‌పట్టిలో మా మేడ మీది గదిని సూడాన్ నుంచి కాలేజీ చదువుకు వచ్చిన ఒకతను అద్దెకు తీసుకున్నాడు. నల్లగా, మా గడప దాటాలంటే తల వంచాల్సినంత పొడుగు. అతన్ని చూడ్డానికి వీధి వీధంతా ఏదో ఒక వంకతో మా ఇంటికి వచ్చిపోయేది. నాకు ఒళ్లు మండేది. మా అమ్మ మాత్రం అతనికి అన్నం పెట్టి మాటలు నేర్పింది. మా ఇంటి తెలుగే ఊరి భాష అనుకుని బజారంతా తెలుగులోనే పలకరించేవాడు. అరవం తప్ప రాని అంగళ్లవాళ్లు తెల్లమొహాలు వేసేవాళ్లు. నేను నవ్వలేక చచ్చేదాన్ని!

అతనికి ఉబ్బసం. ఒకసారి పక్క వీధి క్లినిక్‌కు వెళ్తే బల్ల మీద కూర్చున్నవాళ్లంతా లేచి దూరం జరిగారట. డాక్టరు అతన్ని ముట్టుకోకుండానే దగ్గుమందు రాసి పంపేశాడట. ఆ తర్వాత అతను ఏ ఆస్పత్రికీ పోనన్నాడు.

ఒక ఆదివారం మధ్యాహ్నం మెట్లు దిగుతూ మధ్యలోనే కూలబడ్డాడు. ఊపిరి అందడం లేదు, ఛాతీ ఈల వేస్తోంది.

"ఇంతమంది కండ్లు పడితే బిడ్డ ఏమవతాడు? దిష్టే!" అంటూ అమ్మ విరుదునగర్ మిరపకాయలు గుప్పెడు తెచ్చి, అతని చుట్టూ తిప్పి పొయ్యిలో పడేసింది. దిష్టి తగిలుంటే మిరపకాయలు కాలినా ఘాటు రాదని మా నమ్మకం.

వచ్చింది చూడండి ఘాటు! నేను దగ్గాను, పక్కింటివాళ్లు దగ్గారు, వీధిలో పోతున్నతను సైకిల్ దిగి మరీ దగ్గాడు. ఇక ఉబ్బసం మనిషి సంగతి చెప్పాలా? కళ్లు తేలేశాడు.

అమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని అరిచింది. "ఘాటొచ్చింది! దిష్టి కాదే, రోగమే! సీక్రంగా ఆటో పిలువే!"

ఇద్దరం కలిసి అతన్ని ఎలాగో ఆటోలోకి ఎక్కించాం. దారంతా అమ్మ కొంగుతో విసురుతూ, డ్రైవర్‌ను తిడుతూనే ఉంది.

నర్సింగ్ హోం వాకిట్లో కూర్చున్నామె మమ్మల్ని ఆపేసింది. సొంతవాళ్లు వెంట లేకపోతే చేర్చుకునేది లేదని, తిరునెల్వేలి పెద్దాస్పత్రికి తీసుకుపొమ్మని అరవంలో చెప్పింది. నేను కొట్లాటకు దిగబోయాను. అమ్మ నన్ను పక్కకు నెట్టింది.

"నేనుండాను గదా," అంది అరవంలోనే.

"నీకేమవుతాడు?"

"నా పెద్దకొడుకు."

ఆమె నవ్వింది. అమ్మకు రోషం వచ్చింది. "నమ్మవా? మాట్లాడించి చూడు. వాడి నోట్లో మా ఇంటి మాటే వస్తుంది!"

అతను నా భుజం పట్టుకుని, ఒక్కో మాటకూ ఊపిరి వెతుక్కుంటూ తెలుగులోనే అన్నాడు. "అమ్మా... మిరపకాయలు... ఇంక వద్దమ్మా."

ఆమెకు తెలుగు రాదు. అమ్మా అన్నది మాత్రం అర్థమైంది. లేచి తలుపు తీసింది.

లోపల డాక్టరు అతని చొక్కా పైకెత్తి, వీపు మీద అరచెయ్యి ఆనించి స్టెతస్కోపు పెట్టాడు. తర్వాత మాస్కు తగిలించారు. ఈల తగ్గింది, తగ్గింది, ఆగిపోయింది! సంతోషం పట్టలేక అమ్మను గట్టిగా వాటేసుకున్నాను.

అతను మాస్కు కొంచెం పక్కకు జరిపి అమ్మ వైపు చూశాడు.

"అమ్మా, ఈయన నన్ను ముట్టుకున్నాడు," అన్నాడు.