హారి కోసం ఆగిన కథ

తెనాలి శేషారత్నం గారు రుక్మిణీ కల్యాణం హరికథ మధ్యలో చిడతలు పైకెత్తి, నోరు తెరిచి, నిమిషం పైగా కదలకుండా నిలబడ్డారు. రేపల్లెలో కోటేశ్వరమ్మ గారు బొమ్మ ఆగిపోయిందనుకుని ఫోను రెండుసార్లు ఆపి వెలిగించారు. కర్లపాలెంలో నేను సిగ్నల్ కోసం మేడెక్కాను. ఎవరి నెట్టూ ఆగలేదు. ఆగింది ఆవిడే.

ముప్పయ్యేళ్ళుగా ఆవిడ పద్ధతి అది. "శ్రీమద్రమారమణ గోవిందో" అన్నాక జనం "హారి" అనేదాకా కథ సాగదు. అమృతలూరులో ఒకసారి వానకు జనమంతా అరుగులెక్కేస్తే, ఆ హారి కోసం ఆవిడొక్కరే తడుస్తూ నిలబడ్డారట. ఇప్పుడేమో బాపట్లలో హరికథలు పెట్టించే సమితి వాళ్ళ హాలు మరమ్మతులో ఉందని మూడు రోజుల కథా ఫోనులోనే పెట్టారు, వినేవాళ్ళ మైకులన్నీ మూసేసి. అందరం హారి అన్నాం, ఎవరిళ్ళలో వాళ్ళం. ఆవిడకు చేరలేదు. ప్రతి గోవిందో దగ్గరా ఆవిడ అలా ఆగుతుంటే, నలభై రెండు మందిమి చివరికి తొమ్మండుగురం మిగిలాం.

మర్నాడు పొద్దుట్నుంచీ ఆవిడ కాలు ఒకచోట నిలవలేదు. గజ్జెలు కట్టడం, విప్పడం. కాఫీ కలిపి మరిచిపోవడం. గోడ మీది కేలండరు వైపు తిరిగి "గోవిందో" అని చెవి రిక్కించడం.

"రికార్డు చేసిన హారి పెట్టుకుంటే పోలా పిన్నీ?" అంది పక్కింటి సంజన.

"నిన్నటి విస్తరి చూపించి ఇవాళ భోంచెయ్యమన్నట్టుందే! ఇవాళ కూడా వినపడకపోతే ఈ గజ్జెలు అటక మీదికే."

ఆ సాయంత్రం మొదలుపెడుతూనే, "అమ్మల్లారా, అయ్యల్లారా, మైకులు తెరవండి. తెరిస్తేనే కథ" అన్నారు.

తెరిచాం. కోటేశ్వరమ్మ గారి కుక్కర్ మూడు కూతలు కూసింది. నిజాంపట్నం రేవులో వింటున్న మస్తాన్‌రావు పక్కనే రొయ్యల వేలం జరుగుతోంది. "ఆవిడ ఇవాళైనా కదులుతోందా, లేదా?" అని మా ఆవిడ వంటింట్లోంచి అరవడం మూడు ఊళ్ళూ విన్నాయి.

"కదులుతున్నానమ్మా!" అని శేషారత్నం గారు గిర్రున తిరిగి "గోవిందో" అన్నారు.

హారి వచ్చింది. ఒక్కసారి కాదు, ముక్కలు ముక్కలుగా. రేపల్లె నుంచి ఆఖరి హారి వచ్చేసరికి రుక్మిణి రథం ఎక్కేసింది. ఆవిడ దింపి, మళ్ళీ ఎక్కించారు.

కథ అయిన వెంటనే సమితి కార్యదర్శి రవిశంకర్ ఫోను చేశాడు.

"ఏంటండి అమ్మగారూ ఇది! కుక్కర్లు, వేలంపాటలు... మీ కథ ఒక్క ముక్క ఎవరికీ వినపడలేదండి."

శేషారత్నం గారు ఇంకా గజ్జెలు విప్పలేదు.

"వాళ్ళు నాకు వినపడ్డారు నాయనా, రేపు కూడా తెరిచే ఉంచు."