మంగాయమ్మ పాక ముందు చెప్పుల వరస

తెనాలిలో ఎరువుల కొట్టు నడిపే బసవేశ్వరరావు గాలం కొన్నాడన్న సంగతి వాళ్ల వీధి వీధంతటికీ తెలుసు. తెలియక ఏం చేస్తుంది, గడపగడపకూ తనే వెళ్లి చెప్పాడాయె. వేసవిలో భార్య ప్రమీలారాణితో మూడు రోజులు బాపట్ల సముద్రం దగ్గర గడపాలని, వచ్చేటప్పుడు తన చేత్తో పట్టిన పండుగప్పను తేవాలని అతని పథకం. సోమవారం పులుసుకి రమ్మని ఇద్దరు స్నేహితుల్ని ముందే పిలిచేశాడు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమని ప్రమీలారాణి నవ్వింది. ఆ నవ్వు అతనికి గుచ్చుకుంది. చేప లేకుండా తెనాలి తిరిగి రానని అప్పుడే అనుకున్నాడు.

శుక్రవారం పొద్దున సూర్యలంక ఒడ్డున అలల్లో రెండు గంటలు నిలబడితే గాలానికి నాచు తప్ప ఏమీ తగల్లేదు. చేపలు పడే చోటు కావాలంటే మంగాయమ్మను అడగాలని ఒక ఆటో అతను చెప్పి, నిజాంపట్నం వైపు కొంత దూరం తీసుకెళ్లి, తారు రోడ్డు అయిపోయిన చోట ఒక పాక ముందు దింపాడు. పాక వెనక సరుగుడు తోపు, తోపు వెనక సముద్రంలోంచి లోపలికి వచ్చిన ఉప్పునీటి పాయ ఉన్నాయి.

మంగాయమ్మకు అరవయ్యేళ్లు. పెళ్లయి ఆ పల్లెకొచ్చిన ఏడాది నుంచి పాయలో దిగి పీతలు పట్టింది. మోకాళ్లు మొండికేశాక పాక వేసి అట్ల పెనం పెట్టింది. పాయలో ఎక్కడెంత లోతో, ఏ గంటకి ఏ మూలకి నీళ్లొస్తాయో ఆమెకు వంటింటి డబ్బాలు తెలిసినట్టు తెలుసు. గాలం పట్టుకొచ్చిన వాళ్లకి చోటు చెప్పే ముందు రెండు సంగతులు అడుగుతుంది, ఈత వచ్చా అని, ఎన్నింటికి తిరిగొస్తారని. ఆ తర్వాత, బురదలో చెప్పులెందుకంటూ పెనానికి ఎదురుగా వరసలో విడిచి వెళ్లమంటుంది. బసవేశ్వరరావుకి వ్యాపారం తెలుసు. చెప్పుల కోసం తిరిగొచ్చినవాడు అట్టు వాసన తగిలాక తినకుండా పోడు, అదీ కిటుకని లోలోపల మెచ్చుకున్నాడు.

ఆ రోజు ఆమె తోపు వెనక మడుగు చూపించింది. బొటనవేలంత జెల్ల చేపలు రెండు పడ్డాయి. మర్నాడు తూము దగ్గరికి పంపింది. అక్కడ ఒక పీత ఎర తినేసి పోయింది. ఆ సాయంత్రం ఎవరో బండి మీద మోచేతి పొడవు పండుగప్పను కట్టుకుపోతుంటే ఆపి అడిగాడు. పాయ సముద్రంలో కలిసే మొగ దగ్గర, ఇసుక దిబ్బ మీద నుంచి పట్టానన్నాడు ఆ మనిషి. బసవేశ్వరరావు నేరుగా పాకకి వచ్చి, ఏమ్మా, ఆ చోటు నాకెందుకు చెప్పలేదని నిలదీశాడు.

"అటొద్దు బాబూ, అమావాస్య రోజులు," అంది మంగాయమ్మ అట్టు తిరగేస్తూ. "అక్కడ పోటు ముందునించి రాదు, ఎనకనించి వచ్చిద్ది."

మంచి చోటు తమవాళ్ల కోసం దాచుకుంటోందని అతను తేల్చేసుకున్నాడు. కొట్లో యూరియా దాచే మనిషికి అంతకంటే మంచి ఆలోచన ఎలా వస్తుంది!

ఆదివారం సాయంత్రానికి తెనాలి బయల్దేరాలి. పొద్దున అతను వెళ్లేసరికి మంగాయమ్మ పాక వెనక పిండి రుబ్బుతోంది. అలవాటు కొద్దీ చెప్పులు వరసలో విడిచి, చప్పుడు కాకుండా మొగ వైపు నడిచాడు. పాయ మోకాలి లోతే ఉంది. దాటి దిబ్బ ఎక్కి, సముద్రం వైపు గాలం వేసి కూర్చున్నాడు. పది దాటాక కర్ర విల్లులా వంగింది. చేప పెద్దదే. లాగుతూ, వదులుతూ, ప్రమీలారాణి ముఖం ఊహించుకుంటూ అతను వెనక్కి చూడనే లేదు.

చూసేసరికి మోకాలి లోతు పాయ గుండెల పైకి వచ్చి, వడిగా పారుతోంది. దిబ్బ చాపంత మిగిలింది. అతని పై ప్రాణాలు పైనే పోయాయి. తెనాలి కాలవలో నేర్చిన ఈత ఆ నీళ్ల ముందు ఏ మూలకీ చాలదని చూడగానే అర్థమైంది.

అవతలి ఒడ్డున మంగాయమ్మ నిలబడి ఉంది. ఒక చేతిలో అట్లకాడ అలాగే ఉంది, రెండో చేతిలో పొడుగాటి వెదురు గడ.

"కర్ర వదిలెయ్యండి బాబూ. అడ్డంగా ఈదబాకండి. వలకట్టు గుంజలెంబడే రండి, అక్కడ నేల గట్టి."

అంత ఖరీదు గాలాన్నీ, దాని చివర చేపనూ వదిలేసి, అతను పాయలో వలలు కట్టడానికి పాతిన గుంజల్ని ఒకదాని తర్వాత ఒకటి కౌగిలించుకుంటూ వచ్చాడు. నడుమ నీళ్లు గడ్డానికి తగిలాయి. మొండికేసిన మోకాళ్లతోనే ఆమె నడుము లోతు దిగి గడ అందించింది.

పాక దగ్గర ఆమె ఒక్క మాట కూడా తిట్టలేదు. వేడి అట్టు పెట్టింది. నేనక్కడున్నట్టు నీకెలా తెలిసిందక్కా అని అడిగాడు బసవేశ్వరరావు. ఆమెను అక్కా అని పిలవడం అదే మొదలు.

"మీ చెప్పులుండిపోయినయ్. అందరూ ఎల్లిపోయినా ఆ జత కదల్లా. నిన్న మొగ సంగతి అడిగిందీ మీరే."

తర్వాత మెల్లగా అసలు సంగతి చెప్పింది. పన్నెండేళ్ల కిందట ఒక మధ్యాహ్నం ఒడ్డున ఎవరివో చెప్పులు కనబడ్డాయట. ఎండకి పాడవుతాయని తెచ్చి పాక నీడలో పెట్టింది. ఎవరో మరిచిపోయి ఉంటారు, వస్తారులే అనుకుంది. రెండో రోజు ఒక తండ్రి కాలేజీలో చదివే కొడుకుని వెతుక్కుంటూ వచ్చి, ఆ చెప్పుల్ని గుర్తుపట్టాడు.

"చెప్పులకి నీడ చూశా గానీ, మనిషేడని చూళ్ళేదు బాబూ," అంది మంగాయమ్మ.

బసవేశ్వరరావుకి అప్పుడు అర్థమైంది. ఆమె ఆ రెండు రోజులూ చూపించినవి మనిషి తిరిగి రాగలిగే చోట్లు. పన్నెండేళ్లుగా ఊరూ పేరూ తెలియని జనానికి ఒక మనిషి ఇలా కాపలా కాస్తోందని తలుచుకుంటే అతనికి సిగ్గూ, గౌరవమూ ఒక్కసారే కలిగాయి.

సాయంత్రం కారు పాక ముందు ఆపించి, చెప్పి వెళదామని భార్యతో దిగాడు. వరసలో ఇంకా ఒక జత ఉంది, నీలం రంగు హవాయి చెప్పులు. ఎవరో అమ్మాయి, తూము దగ్గరికెళ్లింది, ఐదింటికి వస్తానందని మంగాయమ్మ చెప్పింది. ఐదున్నర కావస్తోంది. ఆమె మోకాళ్లు పట్టుకుని లేవబోయింది.

"నువ్వు కూర్చో అక్కా," అని బసవేశ్వరరావు తన చెప్పులు నీలం జత పక్కన విడిచి, పాయ వైపు నడిచాడు.

పావుగంటలో ఇద్దరూ వచ్చారు. చేపలు పడుతుంటే టైము చూసుకోలేదని ఆ అమ్మాయి నవ్వి, చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయింది. మరి రేపటి పులుసు సంగతేమిటని ప్రమీలారాణి అడిగింది. వంకాయ వండమని చెప్పి అతనూ చెప్పుల్లో కాళ్లు పెట్టాడు.

వరస ఖాళీ అయ్యింది. అప్పుడు మంగాయమ్మ పొయ్యి ఆర్పింది.