నేను చేయని బొమ్మలు

మా బడి రాజోలు నుంచి ఆటోలో అరగంట దూరంలో, గోదావరి పాయ ఒడ్డున ఉంటుంది. ఇద్దరు టీచర్లం, ఒక ఆయమ్మ. హెడ్మాస్టరుగారు పెద్ద తరగతులు చూసుకుంటారు. ఒకటీ రెండూ నావి. ఆయమ్మ బడి ఊడుస్తుంది, మరుగుదొడ్లు కడుగుతుంది, చిన్నపిల్లలకి ముక్కులు తుడుస్తుంది. వయసు యాభై దాటి ఉంటుంది. భర్త రొయ్యల చెరువుల దగ్గర కాపలా ఉంటాడు. నేనీ బడికి బదిలీ మీద రావడం ఇది రెండోసారి. మొదటిసారి వచ్చినప్పుడు వాళ్ళమ్మాయి నా దగ్గరే అక్షరాలు దిద్దింది. ఇప్పుడా అమ్మాయి అమలాపురంలో డిగ్రీ చదువుతోంది.

ఒక ఏడాది ఒకటో తరగతిలో చేరిన ఒక పిల్ల నెల్లాళ్ళపాటు గేటు వదల్లేదు. వాళ్ళమ్మ దిగబెట్టి వెళ్ళిన దగ్గర్నుంచీ మధ్యాహ్నం భోజనం దాకా ఆ ఇనప కమ్మీ పట్టుకుని ఏడ్చేది. నేను చాక్లెట్లిచ్చాను, బెదిరించాను, ఎత్తుకున్నాను. ఏదీ పని చేయలేదు. ఒకరోజు ఆయమ్మ చీపురు గోడకి చేర్చి, కొంగులోంచి పసుప్పచ్చని ముద్దొకటి తీసి ఆ పిల్ల పక్కన చతికిలబడింది.

"అమ్మడూ, నాకు ఆకలేస్తంది. ఓ అట్టు పోసి పెట్టవా?"

పిల్ల ఏడుపు ఆపి ముద్ద వంక చూసింది. ఒక చెయ్యి కమ్మీ మీద ఉంచే, రెండో చేత్తో ముద్దని నొక్కింది. కాసేపటికి రెండో చెయ్యి కూడా వచ్చింది. బెల్లు కొట్టేసరికి గేటు దగ్గర అరుగు మీద ఆరు అట్లు, రెండు గారెలు తయారయ్యాయి.

"అదేమిటి ఆయమ్మా?" అని అడిగాను.

"పిండేనండి. మైదా, ఉప్పు, కూసింత పసుపు. మా అమ్మాయి చిన్నప్పుడు మట్టి తినేసేదండి. మాన్పించాలని ఇది చేసిచ్చేదాన్ని. ఉప్పుకషాయం కదండీ, ఓసారి నాలిక్కేసుకుంటే మళ్ళీ నోట్లో పెట్టదు."

ఆ తర్వాత ఆయమ్మ చేతినిండా ఏదో ఒకటి తెస్తూనే ఉండేది. బీట్‌రూట్ రసంతో ఎర్ర ముద్ద, శంఖుపూలు మరగబెట్టి నీలం ముద్ద, బచ్చలిపళ్ళతో ఊదా ముద్ద. రెండు కొబ్బరిచిప్పలకి చిల్లులు పెట్టి పీచు తాడుతో కట్టిన తక్కెడ. కొబ్బరాకు చిలకలు. పదేసి ఈనెల కట్టలు, విడి ఈనెలు. వాటితో మా పిల్లలు కూడికలు చేసేవారు. నా పదిహేడేళ్ళ ఉద్యోగంలో ఒకటో తరగతి పిల్లలు ఇరవై ఏడుని చేత్తో పట్టుకుని చూపించడం అదే మొదటిసారి. నేను ఫొటోలు తీసుకునేదాన్ని. ఇవన్నీ ఎప్పుడు చేస్తున్నావని గాని, ఎలా చేస్తున్నావని గాని ఒక్కసారీ అడగలేదు. ఎదురుగా ఉంటే వాడుకున్నాను, అంతే.

ఆ ఏడాది చివర్లో మండలంలో బోధనోపకరణాల మేళా పెట్టారు. టీచర్లు పిల్లల కోసం ఖర్చు లేకుండా తమ చేత్తో తయారుచేసిన ఆట వస్తువులూ పాఠం వస్తువులూ బల్లల మీద పేర్చి చూపించాలి. హెడ్మాస్టరుగారు నాతో, "మన దగ్గర సరుకు బోలెడుంది కదమ్మా, మీరు వెళ్ళండి," అన్నారు. ఆయమ్మకి చెబితే వారం రోజులు కూర్చుని అన్నీ కొత్తగా చేసింది. నేను అట్టముక్కల మీద స్కెచ్ పెన్నుతో పేర్లు రాశాను: పిండిబొమ్మలు, కొబ్బరి తక్కెడ, ఈనెల కట్టలు. అన్నింటి కిందా 'తయారుచేసినవారు' అని రాసి నా పేరు రాశాను. రాస్తున్నప్పుడు చెయ్యి ఆగలేదు. మేళా వాళ్ళిచ్చిన ఫారంలో ఆ గడి ఉంది, అందులో టీచరు పేరు రాయాలి, ఇక్కడా అదే రాశాను. అప్పటికి నా మనసులో ఉన్నది అదే.

ఆ రోజు పొద్దున్న ఆయమ్మ ముద్దలన్నీ తడిగుడ్డలో చుట్టి ఆటోలో నా ఒళ్ళో పెట్టింది. గంజి పెట్టిన చీర కట్టుకుని వచ్చింది. అది నేను చూశాను.

"ఎండ తగిలితే బీటలిచ్చేస్తాదండి. గుడ్డ మీద నీళ్ళు చిలకరిస్తా ఉండాలండి. నేనొచ్చి చూసుకోమంటారా?"

"అక్కడంతా టీచర్లే ఉంటారు ఆయమ్మా. నువ్వు వస్తే ఇక్కడ బడి ఎవరు చూస్తారు?"

"ఆయ్," అని పక్కకి జరిగింది.

మేళాలో పెద్దాఫీసరుగారు ఒక్కొక్క బల్లా చూసుకుంటూ నా దగ్గరికి వచ్చారు. తక్కెడలో ఒక చిప్పలో నాలుగు చింతపిక్కలూ రెండో చిప్పలో మూడూ వేసి, అది వంగడం చూసి చిన్నపిల్లాడిలా నవ్వారు. నీలం ముద్ద చేతిలోకి తీసుకుని, "రంగు కొన్నది కాదు కదా?" అన్నారు.

"శంఖుపూలండి."

"ఇవన్నీ మీరే చేశారామ్మా?"

చుట్టూ పది మంది టీచర్లున్నారు. ఆయన ముఖంలో నిజమైన మెచ్చుకోలు ఉంది. ఆయమ్మ అని ఒక మాట అనడానికి ఎంతసేపు పడుతుంది? నేను "అవునండి" అన్నాను.

మొదటి బహుమతి నాకే వచ్చింది. శాలువా కప్పారు, సర్టిఫికెట్ ఇచ్చారు, ఫొటో తీసి టీచర్ల గ్రూపులో పెట్టారు. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలోనే శాలువా మడిచి సంచీ అడుగున పెట్టేశాను. అలా పెట్టానంటే, చేసినది ఏమిటో నాకు తెలిసే ఉంది. బడి గేటు దగ్గర ఆయమ్మ ఎదురొచ్చింది.

"ఏమన్నారండి?"

"బాగున్నాయన్నారు."

"బీటలివ్వలేదు కదండీ?"

"లేదు."

"పోన్లెండి," అని ముద్దలున్న గుడ్డ అందుకుంది.

మా నాయనమ్మ పొలం కూలికి వెళ్ళేది, తడకలు అల్లేది. ఊళ్ళో ప్రతి పెళ్ళిపందిరికీ ఆవిడ అల్లిన కొబ్బరాకు తడకలే కప్పేవారు. పందిరి ఎంత బాగుందో అని చుట్టాలంటే, మనిషిని పెట్టి అల్లించిన రైతు, "నేనే దగ్గరుండి చేయించాను" అనేవాడట. ఆ మాట చెప్పినప్పుడల్లా మా నాన్నగారి గొంతు మారిపోయేది. ఆయన బడిపంతులయ్యారు, నేను టీచరునయ్యాను. మేళా అయ్యాక వచ్చిన నెల మొదటి ఆదివారం చర్చిలో రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడానికి ప్రభువు బల్ల దగ్గరికి అందరూ లేచి వెళ్తుంటే, తప్పు దాచుకుని వాటిని ముట్టకూడదని నేను లేవలేకపోయాను. ఒంట్లో బాగోలేదని మావారితో చెప్పాను. అది రెండో అబద్ధం.

రెండు వారాల తర్వాత చుట్టుపక్కల బడుల టీచర్లందరి సమావేశం మా బడిలోనే జరిగింది. బహుమతి తెచ్చిన ముద్ద ఎలా చేయాలో అందరికీ చేసి చూపించమన్నారు. వద్దనడానికి కారణం దొరకలేదు. మైదా, ఉప్పు, నూనె, పసుపు తెచ్చుకుని బేసినులో వేసి నీళ్ళు పోశాను. ఆయమ్మ ఇంటి దగ్గర చేసి తెచ్చేది. నేను చూసింది ఎప్పుడూ తయారైన ముద్దనే. నా బేసినులో పిండి జిగురులా సాగింది. ఇంకాస్త మైదా వేశాను. గడ్డలు కట్టింది. మళ్ళీ నీళ్ళు పోశాను. మోచేతుల దాకా అంటుకుపోయింది. ముప్ఫై మంది చూస్తున్నారు.

ముందు వరసలో ఉన్న ఒక పెద్దాయన మెల్లగా, "మీరు చేసిందే కదండీ టీచరుగారూ?" అన్నారు. ఎగతాళిగా అనలేదు. నిజంగానే అడిగారు.

అప్పుడే ఆయమ్మ టీ పళ్ళెంతో లోపలికి వచ్చింది. బేసిను చూసింది, నా చేతులు చూసింది, వెనక బోర్డు మీద నా పేరూ 'ప్రథమ బహుమతి' అన్న మాటా చూసింది. పళ్ళెం బల్ల మీద పెట్టింది.

"టీచరుగారు ఇంటికాడ పొయ్యి మీద ఉడకేసి చేస్తారండి. ఈ గదిలో పొయ్యి లేదు కదండీ, అందుకండి. షెడ్డులో ఉడకేసి తెమ్మంటారా టీచరుగారండీ?"

నేను తల ఊపాను. ఆవిడ బేసిను పట్టుకుని మధ్యాహ్న భోజనం వండే షెడ్డులోకి వెళ్ళింది. పావుగంటలో వచ్చింది. గుడ్డలో పొగలు కక్కుతూ నున్నటి ముద్ద. అందరి ముందూ దాన్ని నా చేతిలో పెట్టింది. కాలింది. నేను పట్టుకునే నిలబడ్డాను. చప్పట్లు కొట్టారు.

ఆ తర్వాత ఆయమ్మ బొమ్మలు తీసుకురావడం మానేసింది. పని మాత్రం ఎప్పటిలాగే చేసేది, నాకు నమస్కారం పెట్టేది. పాత ముద్దలు ఎండి పగిలాయి. గేటు దగ్గర ఏడ్చిన పిల్ల, "కొత్త పిండేది?" అని అడిగితే, "కాళీ లేదమ్మా" అంది. పది రోజులు ఓర్చుకుని, ఒక మధ్యాహ్నం పిల్లలు వెళ్ళాక షెడ్డులో గిన్నెలు కడుగుతున్న ఆవిడ దగ్గరికి వెళ్ళాను.

"నేను చేసింది తప్పు ఆయమ్మా. నీ పేరు చెప్పాల్సింది."

ఆవిడ గిన్నె తోముతూనే ఉంది. "పేరు కోసం కాదండి."

"మరి?"

"మీ ఫొటో మా అమ్మాయి ఫోన్లోకి వచ్చిందండి. 'ఇవి నువ్వు చేసినవే కదమ్మా' అంది. కాదే, టీచరుగారు చేసినవే, నేను సాయం పట్టేను, అన్నానండి." గిన్నె కింద పెట్టి మొదటిసారి నా వంక చూసింది. "అది అక్షరం నేర్చుకుంది మీ దగ్గరండి. మీమీద దానికి ఎంత గురో మీకు తెలీదు. అది పోకూడదని అబద్ధం ఆడేను. నా బిడ్డతో నేనెప్పుడూ అబద్ధం ఆడలేదండి."

నేనక్కడే తడిగచ్చు మీద కూర్చుండిపోయాను. ఆవిడ నన్ను లేవమనలేదు, ఓదార్చలేదు. గిన్నెలు బోర్లించి, తలుపు గొళ్ళెం వేయాలి కాబట్టి గుమ్మం దగ్గర నిలబడింది.

ఆ సాయంత్రం గ్రూపులో రాయడానికి కూర్చున్నాను. మేళాలో నేను పెట్టినవన్నీ మా బడి ఆయా చేసినవి, నేను చేశానని చెప్పినది అబద్ధం, ఆ రోజు ముద్ద ఉడికించి తెచ్చింది కూడా ఆవిడే, అని రాశాను. పేరు రాయాల్సిన చోట ఆగిపోయాను. ఆవిడ పేరు నాకు తెలియదు. రెండు విడతలూ కలిపి పదేళ్ళు ఒకే ఆవరణలో పనిచేసిన మనిషి. మర్నాడు హాజరుపట్టీ తెరిచి చూసుకుని, పేరు రాసి, అప్పుడు పంపాను. ఇక్కడ రాయకపోవడానికి కారణం ఆవిడ వద్దనడమే.

గ్రూపులో కొన్ని దండాల బొమ్మలు వచ్చాయి. ఒక టీచరు ఫోన్ చేసి, "అయిపోయినదానికి ఇప్పుడెందుకండీ ఇదంతా, మన పరువే కదా," అంది. నేను సర్టిఫికెట్ పట్టుకుని ఆఫీసుకి వెళితే, వెనక్కి తీసుకునే పద్ధతి లేదన్నారు. పెద్దాఫీసరుగారు మాత్రం నా ముఖంలోకి చూడకుండా, "ఆ రోజే చెబితే ఆవిణ్ణి స్టేజి మీదకి పిలిచేవాళ్ళం కదమ్మా," అన్నారు. అంతకన్నా తిట్టినా బాగుండేది.

ఆయమ్మకి సంతోషం కలుగుతుందని నేననుకున్నాను. ఆవిడ నా తరగతి గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడింది.

"అందరూ నన్నాపి అడుగుతున్నారండి. నాకు సిగ్గుగా ఉంటంది. మీరిది నాకోసం చెప్పేరా, మీ మనసు తేలికవ్వాలని చెప్పేరా అండి?"

రెండూ అని చెప్పాలనుకున్నాను. అదీ పూర్తి నిజం కాదని తోచి ఊరుకున్నాను. ఆవిడ "ఆయ్, పర్లేదులెండి," అని వెళ్ళిపోయింది.

వేసవి సెలవులయ్యాక మళ్ళీ పిల్లల కోసం చేయడం మొదలుపెట్టింది. ఇప్పుడు ఇంటి దగ్గర చేయదు. షెడ్డులో, పిల్లల ఎదురుగానే చేస్తుంది. నేనూ పక్కన కూర్చుంటాను. పిండి కళాయిని ఎప్పుడు వదులుతుందో, నిమ్మరసం ఎప్పుడు పిండాలో చెబుతుంది. అడిగినదానికి జవాబు చెబుతుంది. అడగనిది మాట్లాడదు.

మొన్న రాజోలు బస్టాండులో వాళ్ళమ్మాయి కనిపించింది. పుస్తకాల సంచీతో అమలాపురం బస్సు కోసం నిలబడి ఉంది. నన్ను చూసి ఎప్పటిలాగే చేతులు జోడించింది. నేనే ఆ సంగతి ఎత్తాను. గ్రూపులో రాసినది నీకూ చేరే ఉంటుంది, మీ అమ్మ నీతో అలా చెప్పడానికి కారణం నేనే, ఆవిణ్ణేమీ అనుకోకు, అన్నాను.

ఆ అమ్మాయి నవ్వింది. "నాకు మొదట్నుంచీ తెలుసండి టీచర్. మేళా ముందు ఆ వారం రాత్రిళ్ళు అమ్మ ఒక్కతే కూర్చుని బీట్‌రూట్ తురమడం దుప్పట్లోంచి చూసేను. తక్కెడకి తాడు పేనడం కూడా చూసేను, నేను చూసినట్టు తనకి తెలీదు. అమ్మ కాదంటంటే ఊరుకున్నానంతే. తనకి అలా ఉంటే బాగుంటాదేమో అని."

"మరి కనిపించినప్పుడల్లా నాకు నమస్కారం పెట్టేదానివి కదా?"

"పెట్టాలి కదండీ," అంది. బస్సు వచ్చింది, ఎక్కి వెళ్ళిపోయింది.

కూతురికి మొదట్నుంచీ తెలుసన్న మాట ఆయమ్మతో ఇంకా చెప్పలేదు. చెబితే, ఆవిడ కూతురితో ఆడిన ఆ ఒక్క అబద్ధం కూడా వృథా అని చెప్పినట్టవుతుంది. చెప్పకపోతే, నేను మళ్ళీ ఒకటి దాచినట్టవుతుంది. రోజూ షెడ్డులో ఆవిడ పక్కన కూర్చుని పిండి పిసుకుతాను. ఆవిడ పిల్లలతో మాట్లాడుతుంటుంది. నేను తల వంచుకుని ఉంటాను.