మావయ్య ఈల

దెయ్యాలు, గాలి సోకడాలు నేనేనాడూ నమ్మలేదు. హైస్కూల్లో సైన్సు చెప్పేదాన్ని. పిల్లలెవరైనా దెయ్యం కథ మొదలుపెడితే "నువ్వు చూశావా, ఎవరో చూశారని విన్నావా?" అని అడిగి నోరు మూయించేదాన్ని. ఇది మాత్రం నేను చెవులారా విన్నది.

పలాసకీ టెక్కలికీ మధ్య, హైవేకి కాస్త లోపలగా మా అత్తవారి ఊరు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో సంగతి. ఆ చలికాలం మొదట్లో మావయ్యకి పక్షవాతం వచ్చింది. కుడివైపు పడిపోయింది. మూతి వంకరపోయి మాట ఆగిపోయింది. గంజి పట్టిస్తే సగం పెదవి చివరనుంచి కారిపోయేది.

ఆయనకి టైగర్ అని ఓ కుక్క ఉండేది. పేరే గాని, మేకపిల్ల ఎదురొచ్చినా తప్పుకునే రకం. రోజూ పొద్దున్నే ఇద్దరూ ఊరి వెనక చిన్న కొండెక్కి వచ్చేవారు. అది ఎటైనా పోతే మావయ్య రెండు వేళ్లు నోట్లో పెట్టి ఈల వేసేవారు. రెండు పొట్టివి, ఒకటి పొడుగుది, చివర పైకి లేచేది. ఇంకెవరు వేసినా టైగర్ చెవి కూడా కదిపేది కాదు.

ఆయన మంచం పట్టాక అది తిండి మానేసి, గుమ్మంలో పడుకుని కొండకేసి చూసేది. చూడలేక నేనే తీసుకెళ్లడం మొదలుపెట్టాను. మాఘమాసం. దారంతా జీడిమామిడి పూత వాసన, బండల మధ్య ఎర్రగా మోదుగపూలు. మీదకెళ్తే తూర్పున ఉద్దానం కొబ్బరితోటలు, వాటి వెనక గీతలా సముద్రం. వచ్చాక ఇవన్నీ మావయ్యకి చెప్పేదాన్ని. ఆయన ఎడమచేత్తో కుక్క చెవి నిమురుతూ వినేవారు.

ఒకరోజు బాగా మంచు పట్టింది. సగం ఎక్కేసరికి దారికి అడ్డంగా కొత్త ముళ్లకంచె. పశువులు పూత పాడుచేయకుండా జీడితోట కాపలా తాత వేశాడట. పక్కనుంచి తిరిగి కొండ వెనకవైపుగా ఎక్కాం. అటు నేనెప్పుడూ వెళ్లలేదు. మంచు ఇంకా చిక్కబడింది. చేతిలో తాడు కనిపిస్తోంది గాని, దాని చివర కుక్క కనిపించడం లేదు. కాళ్ల కింద నేల చదునైంది. మీదకి వచ్చేశాం అనుకున్నాను. కిందెక్కడో రైలు కూత వేసుకుంటూ పోయింది.

ఆ వెంటనే ఈల. నా వెనక, దిగువనుంచి. రెండు పొట్టివి, ఒకటి పొడుగుది.

టైగర్ గిర్రున తిరిగి వెనక్కి దూకింది. తాడు లాగిన లాగుకి మోకాళ్ల మీద పడ్డాను. అది ఈడుస్తుంటే లేచి దాని వెంటే పోయాను. కొంతదూరం దిగి, ఓ బండ దగ్గర ఆగి తోక ఊపింది. అక్కడెవరూ లేరు.

మంచు విడిపోయాక చూశాను. ఇందాక నేను నిలబడిన చోటికి అవతల నేల లేదు. గ్రానైట్ క్వారీవాళ్లు కొండని వెనకనుంచి నిలువునా కోసుకుంటూ వచ్చేశారు. అడుగున పచ్చటి నీళ్లు. నా చెప్పు ఒకటి అంచునే పడి ఉంది. తెచ్చుకునే ధైర్యం లేకపోయింది.

దిగుతుంటే కాపలా తాత కనిపించాడు. ఈల నువ్వేశావా అని అడిగాను.

"నాకు ముందు పళ్లే నేవు గదమ్మా, ఈలెలాగేత్తాను? ఇటేపు ఎవులూ రానేదు."

ఇంటికొచ్చేసరికి అత్తయ్య వీధిలోనే ఉంది. నేను నోరు తెరవకముందే చెయ్యి పట్టుకుంది.

"ఓలమ్మా, మీ మావ ఈలేసినాడే! రైలు అటెల్లిందో లేదో, కుక్కని పిల్సినట్టే ఏసినాడు. పరిగెట్టుకొచ్చి సూత్తే ఒళ్లంతా సెమట్లు. నీకేటీ అవనేదు కదా?"

లోపలికి వెళ్లాను. మావయ్య నన్ను చూశారు. చెప్పులేని కాలు చూశారు. కళ్లు మూసుకుని నిద్రపోయారు.

పిట్ట కూత అయివుంటుందని నాకు నేనే చెప్పుకున్నాను. పిట్ట నన్ను మోసం చేయగలదు గాని టైగర్‌ని చేయలేదు. పైగా అదే సమయానికి అత్తయ్యకి ఇంట్లో వినిపించిందేమిటి? ఆ మూతితో ఈల రావడం కష్టమన్నారు డాక్టరుగారు. వచ్చినా, ఊళ్లోంచి కొండ వెనకదాకా వినబడదు. అత్తయ్య ఆదివారం చర్చిలో సంఘం ముందు లేచి, ప్రభువు చేసిన మేలని సాక్ష్యం చెప్పింది. నేనూ లేచి ఆవిడ పక్కన నిలబడ్డాను.

మావయ్య ఇంకొన్నేళ్లు ఉన్నారు. కొద్దికొద్దిగా మాటలొచ్చాయి గాని, ఈల మళ్లీ రాలేదు. ఓసారి గంజి పట్టిస్తూ అడిగాను, ఆ పొద్దు నేనెక్కడున్నానో మీకెలా తెలిసిందని.

ఒక్కొక్క మాటే కూడదీసుకుని చెప్పారు.

"నువ్వు... తెల్దమ్మా. కుక్క... బయపడింది."

ఆయన చెయ్యి తీసుకుని కళ్లకద్దుకున్నాను. ఇంట్లో మంచం మీదున్న మనిషికి కొండ మీది కుక్క భయం ఎలా అందిందో ఈరోజుకీ నాకు తెలియదు. నేను బతికున్నది మాత్రం అది అందబట్టే.